ఒక గ్లాసు, మూడు శాంపిళ్లు

అడగందే అమ్మయినా పెట్టదన్నారు పెద్దలు. అడిగితే ప్రభుత్వం ఏం పెడుతుందో మాత్రం వాళ్లలో ఒక్కరూ చెప్పిపోలేదు. అది నేను స్వయంగా అడిగి తెలుసుకున్నాను. ఈ రాష్ట్రంలో ఇంట్లో కూర్చుని వోడ్కాలో పళ్లరసం కలుపుకోవాలంటే పద్నాలుగు పేజీల దరఖాస్తు ఎందుకు నింపాలో, అది నింపుతూ జనం నా పేరు తలుచుకుని పళ్లెందుకు కొరుకుతున్నారో చెప్పడం నా బాధ్యత.

నా పేరు సన్యాసిరావు. నవ్వుకోండి, అలవాటే. విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై రెండేళ్లు డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేశాను. వచ్చిన ఉత్తరానికి ఒక నంబరు, పోయే ఉత్తరానికి ఒక నంబరు. నంబరు లేని కాగితాన్ని నేను కాగితంగా గుర్తించలేదు. రిటైరయ్యాక కూడా ఇంటికి శుభలేఖ వస్తే మూలన చిన్నగా నంబరు వేసి గానీ లోపలికి పంపను. మా ఆవిడ రాజ్యం దీన్ని జబ్బంటుంది.

అసలు సంగతి ఒక నవ్వుతో మొదలైంది. నిరుడు మా పక్క ఫ్లాట్‌లో ఉండే నేవీ కమాండర్ గారికి కొచ్చిన్ బదిలీ అయింది. వెళ్లేముందు ఇరుగుపొరుగును పిలిచి, వాళ్లావిడ తలా ఒక గ్లాసు చేతికిచ్చింది. పంపరపనస తొనలు పిండిన రసం, అందులో సగం నిమ్మచెక్క, చెంచాడు తేనె, రెండు ఐసు ముక్కలు, అరవై మిల్లీలీటర్ల వోడ్కా. గ్లాసు అంచుకు ఉప్పూ కారమూ అద్దింది. చూడ్డానికి లేత గులాబీ రంగులో ముచ్చటగా ఉంది. నేను వాసన చూసి పక్కన పెట్టాను. రాజ్యం తాగింది. సగం గ్లాసు అయ్యేసరికి నవ్వడం మొదలుపెట్టింది. పెళ్లయిన కొత్తలో భీమిలి బస్సు కిటికీలోంచి నా గొడుగు ఎగిరిపోయినప్పుడు నవ్విందే, ఆ నవ్వు. మధ్యలో ఇన్నేళ్లూ అది ఎక్కడికి పోయిందో నేను వాకబు చేయలేదు. ఆ రోజు విన్నాక మాత్రం నాకు చాలా సిగ్గేసింది.

ఈ ఏడాది ఆగస్టు ఇరవై ఆరుకి మా పెళ్లయి ముప్పై ఏళ్లు. ఏం కావాలని రాజ్యాన్ని అడిగాను.

"చీరొద్దండి. గొలుసొద్దు. ఆ కమాండర్ గారి భార్య ఇచ్చేరు చూడండి, ఆ గ్లాసు మీ చేత్తో కలిపి ఇయ్యండి. అంతే" అంది. ఎలా చేయాలో ఆవిడ దగ్గర అడిగి క్యాలెండరు కాగితం వెనక రాసి పెట్టుకుంది కూడా.

"అదెంత పని!" అన్నాను.

నిజంగానే పెద్ద పని కాదు. పూర్ణా మార్కెట్‌లో పంపరపనసలు దొరుకుతున్నాయి. మద్యం దుకాణానికి వెళ్లి ఒక సీసా తీసుకున్నాను. తిరిగి వస్తూ దుకాణం గోడ మీది బోర్డు చదివాను. బోర్డులు చదవకుండా వదలడం నాకు చేతకాదు. 'మద్యంలో ఇతర పదార్థాలు కలపడం శిక్షార్హం' అని ఉంది. దుకాణంవాడు నీళ్లు కలపకుండా రాయించిన బోర్డని లోకంలో ఎవరికైనా అర్థమవుతుంది. నాకు మాత్రం నా చేతిలో ఉన్నది మద్యమనీ, ఇంట్లో ఉన్న పంపరపనస ఇతర పదార్థమనీ తోచింది. ఇంటికొచ్చి, పానీయ నియంత్రణ శాఖ వారికి అర్జీ రాశాను. పెళ్లిరోజున భార్యకిచ్చే వోడ్కాలో పంపరపనస రసం కలపవచ్చునా, కలపకూడదా, రాతపూర్వకంగా తెలియజేయ ప్రార్థన.

ఆ ఆఫీసులో కాగితాలు తీసుకునే గుమస్తా నా అర్జీ రెండుసార్లు చదివి చేతిలో పెట్టేశాడు.

"ఏటండీ బాబూ ఇది? ఇంట్లో మీరేటి కలుపుకుంటే మాకేటి? పట్టుకెళ్లిపొండి."

"ఆ మాటే కాగితం మీద రాసివ్వండి" అన్నాను.

"ఏటని?"

"మాకేటి అని."

"అలాగ రాయడానికి ఫారం లేదండి."

"అయితే అర్జీ ముట్టినట్టు నంబరు వేసివ్వండి."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక్కసారి ఆలోసించుకోండి. నంబరేస్తే ఫైలైపోద్ది. ఫైలైపోతే అది నా సేతిలో ఉండదు, మీ సేతిలో ఉండదు. పెద్దోరు, సెప్తన్నాను."

ముప్పై రెండేళ్లు నంబర్లు వేసినవాణ్ణి నాకా ఈ నీతులు? పట్టుబట్టి వేయించుకున్నాను. పన్నెండు వందల నలభై ఏడు. ఆ రసీదు ఇప్పటికీ నా దగ్గరుంది, అప్పుడప్పుడు తీసి చూసుకుని నన్ను నేను తిట్టుకుంటూ ఉంటాను.

మూడు రోజుల్లో సూపరింటెండెంట్ తవిటినాయుడు గారు నన్ను పిలిపించారు. తెల్ల సఫారీ వేసుకుని, నా అర్జీని కొత్త అట్టలో పెట్టి ఎర్రతాడు కట్టి ముందు పెట్టుకున్నారు. కళ్లలో తడి ఉంది.

"కూర్చోండి. ఈ శాఖలో నా సర్వీసు ఇరవై నాలుగేళ్లు. ఇంతవరకు ఏ పౌరుడూ మమ్మల్ని అనుమతి కోరలేదు. అందరూ ఎవరికివారు కలిపేసుకొనుచున్నారు. తమరు లేవనెత్తిన అంశం మౌలికమైనది. దీనిపై నిబంధనలు లేవు."

"లేకపోతే ఇంటికి వెళ్లి కలుపుకోవచ్చాండీ?"

"లేనందువలన తయారు చేయుదుము" అన్నారాయన.

చేశారు. వారం తిరక్కుండా రిజిస్టర్డు పోస్టులో జవాబు వచ్చింది. నేను దానికి నంబరు వేసి రాజ్యానికి చదివి వినిపించాను.

'సూచికలోని తమరి అర్జీ పరిశీలించడమైనది. మద్యమునందు ఫలరసము చేర్చినయెడల మూడవ పదార్థము ఉద్భవించును. ఉద్భవింపజేయుట ఉత్పత్తి. ఉత్పత్తి జరుగు స్థలము కర్మాగారము. కావున తమ వంటగదిని కర్మాగారముగాను, తమను ఉత్పత్తిదారుగాను, తమ భార్యను వినియోగదారుగాను పరిగణించడమైనది. పక్షపాతమునకు తావులేకుండుటకై ఉత్పత్తిదారుకును వినియోగదారుకును బంధుత్వము ఉండరాదు. లేదని ఉభయులు సంతకములు చేసి పంపవలెను.'

రాజ్యం బీరకాయ చెక్కు తీస్తూ వింది. "పెళ్లిరోజుకి మొగుడూ పెళ్లాలం కామని రాసియ్యాలా?"

"నిబంధన కదా రాజ్యం."

"ముప్పై ఏళ్లకి గవర్నమెంటు ఒక్క మాట సరిగ్గా అన్నాది. పెన్నియ్యండి." సంతకం పెట్టి, పెన్ను మూతపెట్టి నా వైపు చూసింది. "అసలా అర్జీ పెట్టకపోతే ఏటయ్యేదండీ?"

"భలేదానివే! అర్జీ పెట్టకపోతే మనకు అనుమతి లేదన్న సంగతి ఎలా తెలుస్తుంది?"

బీరకాయ చెక్కు మాత్రం కాస్త మందంగా లేవడం మొదలైంది.

ఆగస్టు ఇరవైన తవిటినాయుడు గారు ఇద్దరు సిబ్బందినీ, ఒక టేపునూ వెంటబెట్టుకుని కర్మాగార తనిఖీకి వచ్చారు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి వంటగదిలోకి అడుగుపెట్టారు. పెట్టగానే రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నారు. తూర్పు గోడకు మా దేవుడి గూడు ఉంది. సింహాద్రి అప్పన్న పటం, చిన్న వెన్నకృష్ణుడు, ముందు వెలుగుతున్న దీపం. ఆయన భక్తిగా కళ్లకద్దుకుని, కుంకుమ పెట్టుకుని, తరువాత టేపు అడిగారు.

గూటి నుంచి గ్యాస్ గట్టుకు నాలుగు అడుగుల మూడు అంగుళాలు వచ్చింది.

"విచారకరం. ప్రార్థనాస్థలమునకు వంద మీటర్లలోపు మద్యసంబంధ కర్మాగారం నిషిద్ధం" అన్నారు తవిటినాయుడు గారు.

"అది గుడి కాదండీ, గూడు" అన్నాను.

"నిత్య దీపారాధన గలదా?"

"ఉన్నాదండి. ప్రతి శుక్రవారం చలిమిడి కూడా చేస్తాను" అంది రాజ్యం గర్వంగా. నేను సైగ చేసేలోపే సిబ్బంది రాసేసుకున్నారు. నైవేద్యం కూడా ఉందంటే ఇక అనుమానం లేదట.

దేవుణ్ణి కింది ఫ్లాట్‌లో ఉండే సుభాషిణి గారింట్లో ఒకరోజు ఉంచుతామన్నాను. ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూశారు. నిలువు దూరం లెక్కలోకి రాదట. సుభాషిణి గారి వంటగది సరిగ్గా మా వంటగది కింద ఉంది గనుక, దేవుణ్ణి అక్కడికి మారిస్తే ఇప్పుడున్న నాలుగు అడుగుల మూడు అంగుళాలు కాస్తా సున్నా అవుతుంది. పోనీ గ్లాసు తీసుకెళ్లి వీధి చివర కలుపుతానంటే, అది ఇల్లు కాదు, ఈ అనుమతి ఇంటికే. దేవుణ్ణే వీధి చివర పెడితే, ఊరేగింపు, దానికి వేరే శాఖ అనుమతి.

రాజ్యానికి ఓపిక అయిపోయింది. "అయితే ఏటి, దేవుణ్ణి పడుకోబెట్టి కలుపుకోమంటారా?" అని విసుక్కుంది.

తవిటినాయుడు గారు ఉన్నచోటే నిలబడిపోయారు. టేపు సర్రుమని డబ్బాలోకి చుట్టుకుపోయింది.

"అమ్మా, తమరు ఏ శాఖలో పనిచేశారు?"

"ఏ శాఖా లేదండి. ఇల్లు."

"పవళింపు సేవ జరిగి, తలుపులు మూసిన ఆలయం ఆ వేళకు ప్రార్థనాస్థలం కాజాలదు" అని ఆయన నెమ్మదిగా, ఒక్కొక్క మాటా రుచి చూస్తున్నట్టు పలికారు. "రాసుకోండయ్యా!"

శాఖవారి సమక్షంలో ఒక గ్లాసు కలుపుకోవడానికి అనుమతి పత్రం వచ్చింది. ఆగస్టు ఇరవై ఆరు, సాయంత్రం నాలుగున్నర. రాజ్యం నెమలికంఠం రంగు చీర కట్టుకుని, జడలో చిన్న కనకాంబరాల దండ పెట్టుకుంది. వంటగదిలో మొత్తం ఎనిమిది మందిమి ఉన్నాం. మేమిద్దరం, తవిటినాయుడు గారు, ముగ్గురు సిబ్బంది. పంచనామాకు ఇద్దరు పెద్దమనుషులు ఉండాలన్నారని అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ కూర్మారావు గారినీ, కింది ఫ్లాట్ సుభాషిణి గారినీ పిలిచాం. కూర్మారావు గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. సుభాషిణి గారు మాత్రం చిన్న పుస్తకం, పెన్ను తెచ్చుకున్నారు.

ముందు దేవుణ్ణి నిద్రపుచ్చాలి. రాజ్యం పాలు నైవేద్యం పెట్టి, లాలిపాట పాడి, గూటికి తెర వేసింది. పాట రెండో చరణానికి సిబ్బందిలో ఒకాయన ఆవులించాడు. అందరం ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాం.

"నిద్ర పట్టినట్టేనా?" అని తవిటినాయుడు గారు గుసగుసగా అడిగారు.

"మీరు మాట్లాడకపోతే పడతాది" అంది రాజ్యం.

'సాయంత్రం నాలుగు గంటల యాభై రెండు నిమిషములకు దేవుడు నిద్రించినట్లు ధ్రువీకరించడమైనది' అని రాసి అందరి చేతా సంతకాలు పెట్టించారు. తరువాత గుసగుసలతోనే ఉత్పత్తి మొదలైంది. నేను పంపరపనస కోశాను. తెల్ల పొర చేదు గనుక తొనలు ఒలిచి పిండాను. నిమ్మచెక్క పిండాను, తేనె వేశాను, ఐసు వేశాను. అరవై మిల్లీలీటర్లు కొలిచి వోడ్కా పోశాను. గ్లాసు అంచుకు ఉప్పూ కారమూ అద్దడం క్యాలెండరు కాగితంలో ఉంది కానీ అనుమతి పత్రంలో లేదు. దానిమీద పది నిమిషాలు చర్చ జరిగి, అది గ్లాసుకు చేసే అలంకరణే తప్ప పానీయంలో భాగం కాదని తేల్చారు. కలిపాను. అదే లేత గులాబీ రంగు వచ్చింది. రాజ్యం ముఖంలోకి చూశాను. ఆ నవ్వు ఇంకా రాలేదు గానీ వస్తోందని నాకు తెలిసింది. ఆ క్షణంలో నాకన్నా సంతోషంగా ఉన్నవాడు విశాఖపట్నంలో లేడు.

గ్లాసు అందుకుని ఆవిడ వైపు చేయి చాపాను.

"ఆగండి. శాంపిళ్లు" అన్నారు తవిటినాయుడు గారు.

ఏ కర్మాగారంలోనైనా తొలి ఉత్పత్తి నుంచి మూడు శాంపిళ్లు తీయాలట. ఒకటి పరీక్షశాలకు, ఒకటి ఆఫీసుకు, ఒకటి ఉత్పత్తిదారుకు. ఒక్కొక్కటి అరవై మిల్లీలీటర్లు. నాకు మంజూరైన ఉత్పత్తి ఒక గ్లాసు, నూట ఎనభై మిల్లీలీటర్లు. లెక్క వేయడానికి ఎవరికీ కాగితం అవసరం లేకపోయింది. మూడు సీసాలూ నిండాయి. గ్లాసులో రెండు ఐసు ముక్కలు మిగిలాయి. కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి, మూడు మూతల మీదా సీలు వేశారు. వోడ్కా సీసాకు కూడా పరీక్ష ఫలితం వచ్చేదాకా సీలు. ఖాళీ గ్లాసునూ, రసీదునూ తవిటినాయుడు గారు వంగి రాజ్యం చేతికిచ్చారు.

"పెళ్లిరోజు శుభాకాంక్షలు" అన్నారు. మనిషి మంచివాడే.

"మా వాటా శాంపిల్ ఒకటి ఉంది కదండీ, అది తాగొచ్చా?" అని అడిగాను. నేను అడక్కుండా ఉండలేనని మీకిప్పటికి తెలిసే ఉంటుంది.

"సీలు తీసినయెడల సాక్ష్యము నశింపజేసినట్లగును."

అందరూ వెళ్లిపోయాక రాజ్యం గ్లాసు అంచున ఉన్న ఉప్పూకారం వేలితో తీసి నాలుకకు రాసుకుంది. రసీదు మడిచి నా జేబులో పెట్టింది. "నంబరేసుకోండి" అంది. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మా వాటా సీసా ఫ్రిజ్ తలుపులో, కొత్తిమీర కట్ట పక్కన ఉండిపోయింది. ఫ్రిజ్ తీసినప్పుడల్లా ఎర్రటి సీలు కనిపించేది. వారానికోసారి నేను ఫలితం ఏమైందంటూ శాఖకు జ్ఞాపిక పంపేవాణ్ణి. ఈలోపు తవిటినాయుడు గారి నిబంధనలు పైవాళ్లకు నచ్చి పద్నాలుగు పేజీల దరఖాస్తుతో సహా రాష్ట్రమంతటికీ వర్తించాయి. ఆయనకు ప్రమోషన్ వచ్చింది. నిబంధనల మొదటి పుటలో 'శ్రీ సన్యాసిరావు అర్జీ ననుసరించి' అని ఉండడంతో మా అపార్ట్‌మెంట్‌లో మగవాళ్లు నాతో లిఫ్టు ఎక్కడం మానేశారు. ఒకాయన నాలుగో అంతస్తుకు మెట్ల మీదనే వెళుతున్నాడు, ఆయనకు మోకాళ్ల నొప్పులు కూడాను.

నవంబరులో పరీక్షశాల నివేదిక వచ్చింది. 'నమూనా అత్యంత సంతృప్తికరముగా నున్నది. అయితే ఒక్క నమూనాతో తుది నిర్ధారణకు వచ్చుట శాస్త్రీయము కాదు. కావున మరి పన్నెండు నమూనాలు శనివారము మధ్యాహ్నములోగా పంపగలరు. తేనె కొంచెము తగ్గించగలరు.'

ఆ రోజూ శనివారమే. ఈ మాట రాజ్యానికి చెబుదామని చూస్తే ఇంట్లో లేదు. సెప్టెంబరు నుంచీ ప్రతి శనివారం సాయంత్రం సుభాషిణి గారింట్లో కుట్లూ అల్లికల క్లాసుకు వెళుతోంది. మూడు నెలలైనా ఒక్క జేబురుమాలు కూడా బయటికి రాలేదేమని నేను అడగలేదు, అది వాళ్ల శాఖ. నివేదిక పట్టుకుని మెట్లు దిగాను. సగం మెట్లు దిగేసరికి నవ్వు వినిపించింది.

భీమిలి బస్సులో గొడుగు ఎగిరిపోయిన నవ్వు.

తలుపు తోశాను. అయిదుగురు ఆడవాళ్లు చాప మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో పంపరపనస తొక్కల గుట్ట, జంతికల పళ్లెం, అందరి చేతుల్లోనూ స్టీలు గ్లాసులు. అంచులకు ఉప్పూకారం. గోడకు ఉన్న దేవుడి గూటికి తెర వేసి ఉంది. సుభాషిణి గారి పక్కన, పంచనామా నాటి ఆ చిన్న పుస్తకం తెరిచి ఉంది. జంతికలు అందిస్తున్న ఆవిణ్ణి నేను గుర్తుపట్టలేదు.

"ఈవిడ తవిటినాయుడు గారి భార్య. మూడు వారాల నుంచి వస్తన్నారు" అంది రాజ్యం.

"మా ఆయన దరఖాస్తు ఇంటికి తెచ్చేరండి. పద్నాలుగు పేజీలూ చదివేను. తొమ్మిదో పేజీలో తయారు చేసే విధానం బాగా రాసేరు" అని ఆవిడ నాకు నమస్కారం పెట్టింది.

"మరి అనుమతి?" అన్నాను.

"మేం ఎవర్నీ అడగలేదండీ" అంది రాజ్యం. అంత చిన్న మాట ముప్పై రెండేళ్ల సర్వీసులో నాకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ చాప మీద కాస్త పక్కకు జరిగింది. ఒక గ్లాసు నా చేతిలో పెట్టింది. "పెళ్లిరోజు గ్లాసు. నేనే కలిపేను. మీరు కలిపితే నాకు అందదని తెలిసిపోయింది కదా. కూర్చోండి."

కూర్చున్నాను. పరీక్షశాల నివేదిక తడవకుండా తొడ కింద పెట్టుకున్నాను. ఎదురుగా రాజ్యం నవ్వుతోంది, నన్ను చూసే నవ్వుతోంది. ఇందులో ఎంత కలిపావు అన్న ప్రశ్న నా నోటిదాకా వచ్చింది. గ్లాసు కూడా నోటిదాకా వచ్చింది. గ్లాసే ముందు చేరింది.